అడిగినవాడికే బోధ

మా బాపు మా అవ్వ కాళ్లు, అంటే కట్టుకున్న పెళ్లాం కాళ్లు, మొక్కాడు. కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను, లేకపోతే నేనే నమ్మను. ఇప్పుడు అడిగితే సిగ్గుపడి మాట దాటేస్తాడు గానీ, మొక్కడం మాత్రం నిజం.

సిరిసిల్లలో బతుకంతా మరమగ్గం నడిపిన మనిషి. ఆ మోతలో మాట్లాడీ మాట్లాడీ ఇంట్లోనూ అరుపే. మా నేతపనివాళ్ల ఇళ్లలో గురువు కాళ్లు మొక్కి బోధ, అంటే ఉపదేశం, తీసుకునే ఆనవాయితీ ఉంది. అవ్వ నా చిన్నప్పుడే తీసుకుంది. ఆమె భజన నుంచి వచ్చిందంటే చాలు, "ఏం, దేవుడు కలిసిండా? జర చాయ్ పెట్టు" అని ఎకసెక్కాలాడేవాడు. అవ్వ కిక్కురుమనకుండా చాయ్ పెట్టేది. నాకు ఒళ్లు మండేది.

రేపు కరీంనగర్‌లో గుండె ఆపరేషన్ అనగా బాపుకు ముద్ద దిగలేదు. గురువు దగ్గరికి తీసుకుపొమ్మని అవ్వను అడిగాడు. ఆయన పోయి చాలా ఏళ్లయిందని చెప్పింది.

"మరి గిప్పుడు బోధ ఎవలు చెప్తరే?"

"నేనే చెప్త. నాకే అప్పజెప్పి పోయిండు."

నా మతి పోయింది. అవ్వ గురువా? ఇన్నేళ్లూ మాకెందుకు చెప్పలేదని గట్టిగా అరిచాను.

"ఎవలన్న అడిగిండ్రా బిడ్డా?" అంది.

బాపు లేచి స్నానం చేసి, కొబ్బరికాయ తెచ్చి ఆమె ముందు పెట్టి వంగాడు. అవ్వ వెనక్కి జరగలేదు. అయ్యో, ఆపాలా వద్దా తెలియక నేను కొయ్యబారిపోయాను.

"ఏం అడుగుతవో అడుగు," అంది అవ్వ. ప్రశ్న లేనిదే బోధ లేదట.

"భయమైతుందే. సచ్చినంక నేనుంటనా?"

"నేను గూడ మా గురువును గిదే అడిగిన. గా అడిగేటోడు ఎవడో ముందు దేవులాడుమన్నడు. గప్పటిసంది దేవులాడుతనే ఉన్న."

"దొరికిండా?"

"దొరికితే ఇన్నేండ్లు నీకు చాయ్ పెట్టుకుంట కూసుందునా? గని దేవులాడంగ దేవులాడంగ భయమైతే పోయింది."

బాపు ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు ఆస్పత్రిలో సంతకం కోసం వచ్చిన నర్సు అవ్వను చూపించి, "ఈమె నీకేమైతది తాతా?" అని అడిగింది.

"మా గురువు," అన్నాడు బాపు.

నేను నోరెళ్లబెట్టాను. నర్సు విసుక్కుంది. "గురువు కాదు తాతా, ఇంటోళ్లు సంతకం పెట్టాలె."

"ఇంట్లనే ఉంటది బిడ్డా," అన్నాడు బాపు. "నాకే ఎరుక లేకపాయె."