ఉగ్గుగిన్నెతో పెట్రోలు

మా మామ పోయారు. వానలు అప్పటికింకా పూర్తిగా తగ్గలేదు. మంచం మీద నుంచి ఆయన రోజూ అడిగింది కారు షెడ్డు ఉరుస్తోందా అనే. కర్మలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ఏడుపుకన్నా ముందు అలసట వస్తోంది. నెలల తరబడి ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టిన చేతులు ఇంకా లాగుతూనే ఉన్నాయి.

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు తెల్ల అంబాసిడర్‌లో ఎప్పుడైనా బాడుగకు వెళ్లి ఉంటే ఆయన మీకు తెలిసే ఉంటారు. సీతారామపురం వైపు ఊళ్ల నుంచి నొప్పులు పడే ఆడవాళ్లను ఆసుపత్రికి చేర్చిన కారు అది. షేర్ ఆటోలు వచ్చాక బాడుగలు పోయాయి, కారు మాత్రం పోలేదు. వానలు మొదలవగానే బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టి, పెట్రోలంతా తీసేసి, కారును ఇటుకల మీదికెక్కించి పట్ట కప్పేవారు. వానలు వెళ్లాక మంచిరోజు చూసి లేపేవారు.

ఆ లేపడం మా ఇంట్లో ఒక పురుడంత పని. ప్లగ్గులు విప్పి ఉప్పుకాగితంతో రుద్దాలి. ఆ బొక్కల్లో చుక్క చుక్క ఆయిలు వేసి, హ్యాండిలుతో ఇంజన్ను మెల్లగా తిప్పాలి. ఆఖరికి కార్బురేటర్ నోట్లో కాస్త పెట్రోలు పోయాలి. అందుకు ఆయన వాడింది మా అత్త మా ఆయనకు పాలు పట్టిన ఇత్తడి ఉగ్గుగిన్నె. చాలా ఏళ్ల కిందట నాకు బిడ్డ పుట్టినప్పుడు దానికోసం ఇల్లంతా వెతికితే కారు బానెట్ మీద దొరికింది. నేను గొడవపడితే ఆత్మకూరు నుంచి కొత్తది తెచ్చిచ్చారు గానీ పాతదాన్ని మాత్రం వదల్లేదు.

పోసిన వెంటనే స్టార్ట్ చేయనిచ్చేవారు కాదు. మా ఆయన తాళం తిప్పబోతే చెయ్యి పట్టుకునేవారు. "పాలు పట్టినాక తేన్పు రాకుండా పడుకోబెడతామా? ఆగు." ఒక ఏడాది ఆగలేక ఇంకో గిన్నె పోసి ఇంజన్ను ముంచేసిన ఘనత మా ఆయనదే. ఆ పూటంతా తండ్రీ కొడుకులు ప్లగ్గులు ఎండబెట్టుకుంటూ కూర్చున్నారు.

ఆఖరి రోజుల్లో ఆయన గ్లాసుతో తాగలేకపోయారు. కొత్త గిన్నె ఎక్కడ పెట్టానో కనపడలేదు. పాతదాన్నే చింతపండుతో, బూడిదతో తోమి గంజి పట్టాను. ఒక గుక్క మింగి, "వాసన పోలా" అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తన తర్వాత కారు ఉండదని ఆయనకు తెలుసు. దాని వెంట పడే ఓపిక మాలో ఎవరికీ లేదు. ఆ రోజే అన్నారు: "నేనెట్టాగూ నలుగురి మీద పొయ్యేవాణ్ణే అమ్మా. అది మాత్రం దాని కాళ్ల మీద అదే పోవాల. తాడు గట్టి ఈడ్చనీబాక."

కారు కొనుక్కున్న చేజర్ల మనిషి మొన్న ట్రాక్టరుతో, తాడుతో వచ్చాడు. స్టార్ట్ కాకపోయినా ఫర్వాలేదు, ఈడ్చుకుపోతానన్నాడు. కాసేపు ఓపిక పట్టమన్నాను. మా ఆయన వాళ్ల నాయన చేసినట్టే అన్నీ చేశారు. మొదటిసారి పలకలేదు. రెండోసారి దగ్గి ఆగిపోయింది. ట్రాక్టరతను తాడు విప్పడం మొదలుపెట్టాడు. మా ఆయన మళ్లీ పోయడానికి గిన్నె కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు.

"ఇప్పుడే తాగింది. ఆగండి" అన్నాను.

ఆగాం. ఆ తర్వాత తాళం తిప్పితే నీలంగా పొగ కక్కి, ఒళ్లంతా వణికి, పలికింది. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

మా ఆయనే నడుపుకుంటూ వెళ్లారు, ట్రాక్టరు వెనకాల. కొండ కింద మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు వినపడింది. ఖాళీ షెడ్డులో ఇటుకల మీద కూలబడ్డాను. చేతిలో ఉగ్గుగిన్నె ఇంకా తడిగానే ఉంది. పట్టడానికి ఇంట్లో ఇక ఎవరూ లేరు.