సూర్యుణ్ణి బుట్టలో మోసిన ఇర్మ్‌ట్రూడ్

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున లైఫెన్‌బాఖ్ ఊళ్లో ఇర్మ్‌ట్రూడ్ క్లేజర్ డెబ్బైఒకటో ఏట సూర్యుణ్ణి వీపున వేసుకుని కొండెక్కింది. ఒక్కసారి కాదు, నలభై ఒక్కసార్లు.

ఆ ఏడు మే నెల వాన, ద్రాక్షతోటల వాలు మీది నల్ల పలకరాళ్లను రోడ్డు మీదికి దొర్లించింది. అలా జారినప్పుడల్లా ఎవరి రాళ్లు వాళ్లు బుట్టకెత్తి మళ్లీ పైకి చేర్చుకోవడం ఆ ఊరి అలవాటు. పక్క తోట వోల్క్‌మార్ టైసెన్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండు వారాల వ్యవసాయ శిక్షణకు వెళ్లి పటం కట్టించుకునేంత సర్టిఫికెట్ తెచ్చుకున్న మహాజ్ఞాని అతను. తన తోటంతా నల్లటి ఎరువుమట్టి పోయించాడు.

"అత్తా, ఆ చెత్త మోసి నడుం విరగ్గొట్టుకుంటావెందుకు? కావాలంటే నా రాళ్లు కూడా పట్టుకుపో."

"మళ్లీ అడగవు కదా?"

"రాసివ్వమంటావా?"

"అక్కర్లేదులే. ఊరంతా వింది. నువ్వెప్పుడు మెల్లగా మాట్లాడావు గనక."

ఇర్మ్‌ట్రూడ్ సాగుచేసే వాలు చర్చిది. కౌలు ఆ శరత్కాలంతో తీరిపోతుంది. వోల్క్‌మార్ కన్ను దాని మీదే ఉంది. ఎవరి ద్రాక్షరసం తియ్యగా ఉంటే వాళ్లకే కౌలని ఫాదర్ ఆల్బన్ తేల్చాడు. కౌలు పోతే ఆమెకు మిగిలేది ఇంటి వెనక రెండు వరసల తీగలు.

వేసవిలో వోల్క్‌మార్ తీగలు క్యాబేజీల్లా ఆకులేశాయి. చూసిన ప్రతివాడికీ ఆకులు లెక్కపెట్టి చూపించాడు, వైన్ ఆకులతో చేస్తారన్నట్టు. ఆగస్టు వానకు అతని ఎరువుమట్టి సగం నదిలోకి దిగిపోయింది. సెప్టెంబరంతా పొగమంచు మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఉన్న నాలుగు గంటల ఎండనూ ఇర్మ్‌ట్రూడ్ రాళ్లు తాగేశాయి. పొద్దు గూకాక ఆమె వాటి మీద కూర్చుని రొట్టె తింటుంటే కింద కుంపటి పెట్టినట్టుండేది. అటు వోల్క్‌మార్ తోటలో తడిమట్టి కప్పపొట్టలా చల్లగా ఉండేది. అతని కాయలు పచ్చిగానే బిగుసుకుపోయాయి.

అక్టోబరు చివర కోతలయ్యాక ఫాదర్ తీపి కొలిచే గాజుగొట్టం తెచ్చాడు. వోల్క్‌మార్ రసం అరవై ఆరు డిగ్రీలు. ఇర్మ్‌ట్రూడ్‌ది ఎనభై తొమ్మిది.

"గొట్టం చెడిపోయినట్టుంది, ఫాదర్," అన్నాడు వోల్క్‌మార్.

"నాలుక బాగానే ఉందా?" అంటూ ఇర్మ్‌ట్రూడ్ అతని రసమే ఓ గ్లాసు అతనికి అందించింది.

అతను గుక్క మింగాడు. ఒక కన్ను దానంతటదే మూసుకుంది. ఫాదర్ కౌలు కాగితం ఆమె ముందుకు జరిపాడు.

ఆ సాయంత్రం నుంచి సారాకొట్టులో బల్లబల్లకూ ఇర్మ్‌ట్రూడ్ సూర్యుణ్ణి బుట్టలో మోసుకెళ్లిందన్న మాటే. నిజమేనా అని అడిగితే ఆమె తల కూడా ఎత్తలేదు.

"సూర్యుడు కాదు, పలకరాళ్లు. బుట్టకు ముప్పై కిలోలు. సగం వోల్క్‌మార్‌వే."