నాలుగు వేళ్ల ఎడం

లారీ కాటా మీదికి ఎక్కేటప్పుడు కింద ఇనుము చిన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు వింటే చాలు, తెర మీద అంకె పడకముందే, బండి నిండుగా ఉందో ఖాళీగా ఉందో కాటా అక్క చెప్పేయగలదు. ఇనుప పలక పక్కన అద్దాల గది, గదిలో ఒక కుర్చీ, కుర్చీలో ఆమె. ఏళ్ల తరబడి సిమెంటూ ఇసుకా ఇనుప చువ్వలూ ఆమె కిటికీ ముందు ఒక్క క్షణం ఆగి, తమ బరువు ఒప్పుకుని వెళ్లిపోతున్నాయి. డ్రైవర్లెవరూ ఆమె పేరు అడగలేదు. "కాటా అక్కా, చీటీ!" అని కేకేస్తే కిటికీ కింది సందులోంచి చీటీ జారి వస్తుంది. దానికోసం ఆమె లేవనక్కర్లేదు. టీ కూడా కుర్చీ దగ్గరికే వస్తుంది, బిస్కెట్ల పొట్లంతో సహా. కడుపులో చల్ల కదలని ఉద్యోగం అంటే అదే.

ఆ గదిలోనే ఓ మూల మూటలు తూచే చిన్న కాటా ఉంది. పొద్దున్నే తాళం తీయగానే దాని మీద నిలబడడం ఆమెకు అలవాటు. యాభై నాలుగు కిలోలు. పెళ్లైన ఏడాది ఎంతో, ఇద్దరు పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యాక కూడా అంతే. సన్నని మణికట్లు, సన్నని మెడ, పిట్టలాంటి మొహం. సైకిళ్లు బాగుచేసే ఆమె భర్త, "ఎదురుగాలి ఉన్నరోజు నువ్వు బయటికి రాకే, పట్టుకోడానికి నాకు ఓపిక లేదు" అని ఏడిపించేవాడు. చుట్టుపక్కల ఎవరికైనా షుగరొచ్చిందంటే ఆమె జాలిపడేది, కానీ ఆ జాలిలో చిటికెడు గర్వం కలిసేది. నా అంకె మారలేదు, నాకేమవుతుంది?

ఆమె తమ్ముడు స్కూలు వ్యాను నడుపుతాడు. నవ్వితే వ్యాను నిండా పిల్లలు నవ్వుతారు. ఎవరికీ చెప్పాపెట్టకుండా అతని ఒంట్లో చేరిన రక్తపోటు, చప్పుడు లేకుండా రెండు కిడ్నీలనూ తినేసింది. ఇప్పుడు వారంలో సగం రోజులు ఆస్పత్రిలో, పెద్ద కుర్చీలో వాలి, తన రక్తం యంత్రంలోకి వెళ్లి తిరిగి రావడం చూస్తూ ఉంటాడు. మరదలు తన కిడ్నీ ఒకటి ఇస్తానంది, రక్తం కలవలేదు. అక్కది కలిసింది.

"కలవకుండా ఎక్కడికి పోతుంది? చిన్నప్పుడు నా కంచంలోది లాక్కుని తిన్నవాడేగా" అంది కాటా అక్క. పక్కింటికి గిన్నెడు కూర పంపినంత తేలిగ్గా, "ఒకటి వాడికిచ్చేయండి డాక్టరుగారూ" అంది.

అంత తేలిగ్గా తీసుకోరు. ఇచ్చేవాళ్లను ముందు అన్ని విధాలా పరీక్షిస్తారు. పరగడుపున రక్తం తీశారు, తియ్యటి నీళ్లు తాగించి రెండు గంటలు కూర్చోబెట్టి మళ్లీ తీశారు. అక్కడి నర్సు బొద్దుగా, గలగలా మాట్లాడే మనిషి. అక్కను గోడకు ఆనించి, కట్టుగుడ్డ నాడా ఒకటి తల నుంచి కాలి దాకా కొలిచి తుంచింది. దాన్ని సగానికి మడిచి, బొడ్డు దగ్గర నడుం చుట్టూ తిప్పింది.

"ఊపిరి బిగపట్టకమ్మా."

"లేదే."

"ఉంది. అందరూ అంతే, టేపు చూడగానే పొట్ట లోపలికి పరిగెడుతుంది. వదిలెయ్... ఇంకా... ఆఁ."

నాడా కొసలు కలవలేదు. మధ్యలో నాలుగు వేళ్ల ఎడం మిగిలింది. నర్సు ఆ ఎడంలో తన వేళ్లు పెట్టి చూపించింది. "ఎత్తులో సగానికి మించి నడుం ఉండకూడదు తల్లీ. ఇదిగో, ఇంత మించింది."

అక్కకు మొహం వేడెక్కింది. చీర కుచ్చిళ్ల వెనక ఎన్నేళ్లనుంచో మెత్తగా, మర్యాదగా దాక్కున్న పొట్ట అది. దాన్ని ఆమె ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. "నా తూకం సరిగ్గానే ఉంది కదమ్మా!" అంది. ఆమె చూపు తనకు తెలియకుండానే నర్సు నడుం మీదికి వెళ్లింది.

నర్సు కనిపెట్టేసింది. "నన్ను చూసి ధైర్యం తెచ్చుకోకు. నా పోరు నేను రోజూ పోరుతూనే ఉన్నా. నాది అందరికీ కనిపిస్తుంది, నీది కనిపించదు. అదే నీతో వచ్చిన చిక్కు."

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. ఆమెకింకా షుగరు రాలేదు. కానీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "తిన్నది రక్తంలో చక్కెరవుతుంది. దాన్ని కండల్లోకి పిలిచేది ఇన్సులిన్. మీ కండలు ఆ పిలుపు వినడం మానేస్తున్నాయి. అందుకని అది ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా పిలుస్తోంది. పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరిన కొవ్వు ఈ చెవుడు పెంచుతుంది. బరువు మామూలుగా ఉన్నవాళ్లలోనూ ఇది ఉంటుంది. కాటా దాన్ని చూపించదు, నడుం కొంత చూపిస్తుంది."

"దానికీ మా తమ్ముడికీ ఏం సంబంధం?"

"ఒకటి ఇచ్చేస్తే మీకు మిగిలేది ఒకటే. రేపు షుగరొస్తే దాన్ని పట్టుకుంటుంది. ఒకరిని లేపడానికి ఇంకొకరిని పడుకోబెట్టలేం కదమ్మా. ఇప్పుడు నేను ఒప్పుకోలేను."

కాటా అక్క కుర్చీ అంచుకు జరిగింది. "అసలే ఒప్పుకోలేనంటున్నారా, ఇప్పుడు ఒప్పుకోలేనంటున్నారా?"

డాక్టరు ఆమెకేసి మళ్లీ చూశాడు, ఈసారి కాగితాల్లోంచి కాదు. "ఇప్పుడు" అన్నాడు. "మూడు నెలల తర్వాత రండి. నడవండి, కండ పెంచండి, తీపి తగ్గించండి."

ఆ మూడింటిలో ఆమె చెవిన పడింది చివరిదొక్కటే. తూకాల మధ్యే బతికిన మనిషి కదా, తగ్గించడం అంటే ఆమెకు అంకె తగ్గించడమే. మధ్యాహ్నం డబ్బా తేవడం మానేసింది. రాత్రి రెండు ముద్దలు. బిస్కెట్ల పొట్లం తెచ్చినతనికే ఇచ్చేసింది. కుర్చీ మాత్రం వదల్లేదు, నీరసంతో ఇంకాస్త లోపలికి కూరుకుపోయింది. పొద్దున్నే చిన్న కాటా మీద నిలబడితే అంకె దిగుతూ ఉండేది, యాభై మూడు, యాభై ఒకటి, నలభై తొమ్మిది. దిగే ప్రతి అంకెకూ ఆమె లోపల ఒక దీపం వెలిగేది. బుగ్గలు లోపలికి పోయాయి. భర్త ఏడిపించడం మానేశాడు.

"ఇదేం ఉపవాసమే! నిన్ను చూస్తే నువ్వే ఎవరినైనా కిడ్నీ అడగడానికి వెళ్తున్నట్టున్నావు" అన్నాడు ఒకరోజు, నవ్వకుండా.

"నలభై తొమ్మిది" అంది ఆమె, అదే సమాధానమన్నట్టు.

మూడు నెలలయ్యాక నర్సు మళ్లీ నాడా చుట్టింది. ఎడం మూడు వేళ్లు. రక్తంలో చక్కెర దాదాపు ఎక్కడిదక్కడే. నర్సు ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని పైకండను మెల్లగా నొక్కింది. "ఇది ఏమైపోయింది తల్లీ? పోవాల్సింది పొట్టలో కూర్చుంది, ఉండాల్సింది పోయింది. చక్కెరను దాచుకునే ఇల్లే ఇది. ఇల్లు కూల్చేసి చుట్టాలు ఎందుకు రాలేదంటే ఎలా?"

అదే వారం తమ్ముడి చేతిలో, యంత్రం సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన నరం మూసుకుపోయింది. రెండో చేతిలో కొత్తది కలిపారు. ఇదీ పోతే కష్టమని మరదలికి చెప్పారట. ఆమె ఆ మాట చెబుతూ ఏడవలేదు, వంటగదిలో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. తమ్ముడు మాత్రం అక్కను పక్కకు పిలిచాడు.

"వదిలెయ్ అక్కా. చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం లిస్టులో పేరుందిగా, ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది."

"ఎప్పుడు? నీ వ్యానులో పిల్లలకు పిల్లలు పుట్టాకా?"

"నీకు షుగరొస్తే నేను తట్టుకోలేను."

"నోర్ముయ్. నాకు రాదు. రానివ్వను" అంది. అని, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎలా రానివ్వదో ఆమెకు తెలియలేదు.

తెలిసింది కాటా మీదే. మర్నాడు చువ్వల లోడు ఒకటి వచ్చింది. మొత్తం తూకం హద్దులోనే ఉంది. కానీ వెనక చక్రాలు నలిగిన దిండ్లలా ఉబ్బి ఉన్నాయి. ఆమె ముందు చక్రాలను కాటా దించి, వెనక ఇరుసును విడిగా తూయించింది. బరువంతా అక్కడే పోగుపడి ఉంది.

"చీటీ ఇవ్వను. సరుకు సర్దుకుని రా."

డ్రైవరుకు ఒళ్లు మండింది. "తూకం సరిగ్గానే ఉంది కదక్కా! ఒక్క కిలో ఎక్కువుంటే చెప్పు!"

"ఎంతుందని కాదయ్యా నేనడిగేది, ఎక్కడుందని. ఆ ఇరుసు దారిలో విరిగితే తూకం వచ్చి మోస్తుందా?"

అన్నాక ఆ మాట తన చెవినే పడింది. ఈ మాట రోజూ ఎవరో ఒకరితో అంటూనే ఉంది. అద్దంలో పల్చగా తన రూపం కనిపించింది, సన్నని మెడ, సన్నని చేతులు, కుర్చీలో ఒద్దికగా కూర్చున్న పొట్ట. ఇన్నాళ్లూ తనకు తను చీటీ రాసిచ్చుకుని పంపేస్తోంది.

"ఏంటక్కా అలా చూస్తావ్? సర్దుకునే వస్తాలే" అన్నాడు డ్రైవరు భయపడి.

ఆ రోజే ఆమె కిటికీ కింది సందుకు అట్టముక్క అడ్డం పెట్టేసింది. చీటీ కొట్టాక గది మెట్లు దిగి, పలక చుట్టూ తిరిగి, డ్రైవరు తలుపు దాకా వెళ్లి చేతికిచ్చి రావడం మొదలుపెట్టింది. ఎండైనా, వానైనా, దుమ్మైనా.

యజమాని విసుక్కున్నాడు. "సందు ఎందుకు పెట్టించానమ్మా? గాలి రావడానికా?"

"మీ లారీలు ఆగడం లేదుగా సార్. నన్నూ ఆగనివ్వకండి."

డ్రైవర్లు మొదట ఆటపట్టించారు. "అక్కకు ప్రమోషనొచ్చింది, ఇంటికే డెలివరీ!" అన్నారు. కొందరు కావాలనే పలక చివర ఆపేవారు. ఆపుకోనీ, నాకు నాలుగు అడుగులు ఎక్కువ అనుకుంది. రెండు లారీల మధ్య ఖాళీలో నీళ్లు నింపిన సీసాలు పట్టుకుని కుర్చీలోంచి లేచేది, కూర్చునేది, లేచేది. మొదటి వారం తొడలు వణికి, ఇంటి మెట్లు గోడ పట్టుకుని ఎక్కింది. మధ్యాహ్నం డబ్బా తిరిగొచ్చింది, కానీ అందులో అన్నం సగమైంది. మిగతా సగంలో పప్పూ గుడ్డూ కూరగాయలూ చేరాయి. తీపి టీ మానినరోజు తలనొప్పి వచ్చి ఏడ్చినంత పనైంది. మరుసటి రోజూ మానేసింది. పొద్దున చీకటి విడకముందే భర్త సైకిలు నడిపించుకుంటూ పక్కన, ఆమె నడుస్తూ. "తొక్కవేం?" అంటే, "తొక్కితే నువ్వు వెనకబడతావు" అనేవాడు. కొన్నాళ్లకు, ఆమె వెంట నడవలేక, సైకిలెక్కాడు.

అన్ని రోజులూ అలా గడవలేదు. ఒకరోజు తమ్ముడికి యంత్రం మీద ఉండగానే స్పృహ తప్పింది. ఆ రాత్రంతా ఆస్పత్రి బల్ల మీద కూర్చుని, తెల్లారి ఎవరో ఇచ్చిన తీపి బన్నులు రెండు తినేసింది. కోపంతో, భయంతో, ఆకలితో. ఆ తర్వాత చేతులు దులుపుకుని, ఆరో అంతస్తు దాకా లిఫ్టెక్కకుండా ఎక్కింది. ప్రాయశ్చిత్తమేం కాదు, తమ్ముడు అక్కడున్నాడు, అంతే.

అన్నిటికన్నా కష్టమైంది చిన్న కాటా. అంకె మళ్లీ పైకి జరగడం మొదలైంది, యాభై, యాభై ఒకటి. చూసిన ప్రతిసారీ ఆమె చెయ్యి డబ్బా మూత మీద ఆగిపోయేది. చివరికి మూటలు తూచే మనిషిని పిలిచి, "దీన్ని గోదాములో పెట్టుకో. నాకు కనబడకూడదు" అంది.

మళ్లీ పరీక్ష రోజు. తియ్యటి నీళ్లు, రెండు గంటలు, సూది. నర్సు నాడా తీసింది. ఈసారి చెప్పకుండానే అక్క ఊపిరి పూర్తిగా వదిలేసింది. నాడా కొసలు నడుం చుట్టూ వచ్చి ఒకదాన్నొకటి ముట్టుకున్నాయి. నర్సు ఆ కలిసిన చోట వేలు పెట్టి చూపించింది. తర్వాత తూచింది. "యాభై రెండు. పెరిగావు తల్లీ!" అని ఆమె పైకండ మీద చిన్న దెబ్బ వేసింది. ఆ కండ ఈసారి బదులు చెప్పింది.

డాక్టరు కాగితాలు తిప్పుతుంటే తమ్ముడూ మరదలూ గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"పరగడుపు చక్కెరా, రెండు గంటల తర్వాతదీ, రెండూ హద్దులోకి వచ్చాయి" అన్నాడు డాక్టరు. "మా వైపు నుంచి ఒప్పుకుంటున్నాం. కానీ ఒక్క మాట. ఇది పరీక్ష కోసం చేసిన పని కాకూడదు. వదిలేస్తే నడుం తిరిగొస్తుంది, చెవుడూ తిరిగొస్తుంది. ఒక్క కిడ్నీతో ఉంటారు కాబట్టి మీరు ఇది జీవితాంతం చెయ్యాలి. ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి. ఆలోచించుకోండి, తొందరేం లేదు."

తమ్ముడు గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. "అక్కా, నిజంగా ఆలోచించుకో. నేనేమీ అనుకోను."

ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "వాణ్ని కాస్త ఊరుకోమనండి డాక్టరుగారూ. నేనొకటి అడగాలి."

"అడగండమ్మా."

"ఆపరేషనయ్యాక ఎన్నో రోజు నుంచి నడవనిస్తారు?"

"అంతా బాగుంటే మర్నాడే నడిపిస్తాం. మెల్లగా, వరండా చివరి దాకా."

కాటా అక్క లేచి గుమ్మంలోంచి బయటికి చూసింది. వరండా పొడుగ్గా, ఖాళీగా, కిటికీల వెలుతురు పలకలు పలకలుగా పరుచుకుని ఉంది. చివరి గోడ దాకా ఎంత దూరముందో కళ్లతో కొలిచి, "సరే, తేదీ చెప్పండి" అంది.