ఫిర్దోస్ పద్యం, ముస్తఫా డిస్కు

హిందూపురంలో నెట్ టీవీ ఆగి ఆగి వస్తోందంటే నా బావమరిది ముస్తఫాను పిలుస్తారు. వైఫై తీసేసి బాక్సుకు నేరుగా వైరు లాగుతాడు. బఫర్ పెంచుతాడు. రికార్డింగుకు విడిగా హార్డ్‌డిస్కు తగిలిస్తాడు. "టీవీ ఆపినా బాక్సు పట్టుకుంటానే ఉంటాది, నిమ్మళంగా పండుకోండప్పా" అని అందరికీ చెబుతాడు.

వాళ్ల అక్క ఫిర్దోస్ నా భార్య. ధర్మవరంలో తెలుగు టీచరు. గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదన్నారు. దానికి కొద్దిరోజుల ముందు పెనుకొండ సభలో పద్యాలు చదవడానికి ఒప్పుకుంది. లోకల్ చానెల్ లైవ్ ఇస్తోంది. నేను ఫోన్లో తీస్తానంటే ముస్తఫా ఎగతాళి చేశాడు.

"ఆ డొక్కు ఫోన్లోనా బావా? రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంటాది. ఇంట్లో బాక్సుకు టైం పెట్టొచ్చినా. ఫోను జోబులో పెట్టు."

"నా గొంతుకు గూడా బఫరింగు పెట్టినావేమబ్బా?" అంది ఫిర్దోస్.

హిందూపురం ఇంట్లో మా అత్త బుడన్‌బీ ఒక్కతే లైవ్ చూస్తోంది. కూతురి పేరు పిలిచారు. అంతలో పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు అజాన్ వినిపించింది. అజాన్ వేళ ఆ ఇంట్లో టీవీ మోగదు. ఆమెకు రిమోట్ చేతకాదు. ఎప్పటిలాగే గోడమీది స్విచ్చు ఆపేసింది. టీవీకీ బాక్సుకూ అదొక్కటే స్విచ్చు.

మేం ఇల్లు చేరగానే ఆమె ఎదురొచ్చింది.

"బిడ్డ పద్యం పెట్టరా. నమాజుకని ఆపేసినా. నువ్వు పట్టుకునుంటావులే అని నింపాదిగా చదువుకున్నా."

ముస్తఫా డిస్కు తెరిచాడు. అధ్యక్షుడి ఉపన్యాసం పూర్తిగా ఉంది. ఫిర్దోస్ కొంగు సర్దుకుంటూ లేచింది. అంతే. చానెల్ వాళ్లు లైవులు దాచుకోరట.

అజాన్‌కు గౌరవమిచ్చిన చెయ్యే బిడ్డ గొంతును ఆపేసిందని ఆ ముసలామెకు ఎలా చెప్పడం?

"డిస్కు చెడిపోయిందమ్మా" అన్నాడు.

"పోనీలేరా" అంది ఫిర్దోస్. ఆమెకూ అర్థమైంది.

ఆ సభ తర్వాత ఫిర్దోస్ గొంతు పూడుకుపోయింది, మళ్లీ పద్యం చదవలేకపోయింది. ఆపరేషన్ అయింది. ఏడాది తిరగకముందే ఆమె పోయింది. నలభయ్యో రోజు చుట్టాలందరి ముందూ అత్త గుండెలు బాదుకుంది.

"ఊరోళ్ల టీవీలన్నీ బాగుచేస్తాడంట! సొంత అక్క గొంతు పారేసినాడు. నీ చేతులు పడిపోనురా!"

నేను నోరు తెరవబోయాను. ముస్తఫా వద్దన్నట్టు చూశాడు.

"ఔనమ్మా, నాదే తప్పు" అంటూ అన్నం పళ్లెం ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాన్ని పక్కకు నెట్టేసింది.