మనిషి కూర్చుంటేనే కదిలే బండి

గురవమ్మ ముప్పై ఏళ్లు వంగి పనిచేసింది. ఐరాల దగ్గర చెనక్కాయ చేలల్లో కలుపు తీసినా, పెళ్లయి తిరుపతి వచ్చాక చంద్రగిరి దారిలోని కాలేజీ మైదానంలో కొడవలితో గడ్డి కోసినా, ముఖం మాత్రం నేలవైపే ఉండేది. యాభై రెండో ఏట ఆమెకు కూర్చుని చేసే పని దొరికింది.

కాలేజీ వాళ్లు గడ్డి కోసే బండి కొన్నారు. ట్రాక్టరుకు చెల్లెలి వరస అనుకోండి. సీటు, స్టీరింగు, కింద గిర్రున తిరిగే కత్తులు. ఎవరు నేర్చుకుంటారని అడిగితే తోటపనివాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గురవమ్మ వెళ్లి సీటెక్కింది. బండి అప్పగించడానికి వచ్చిన కుర్రవాడు ఆమెకు ఒక్క సంగతి గట్టిగా చెప్పాడు. "సీట్లో మనిషి ఉంటేనే ఇది నడుస్తుందమ్మా. మనిషి దిగితే తనంతట తానే ఆగిపోతుంది."

మొదట్లో బండి ఒక్క తాళానికే లేచేది. ఆయుధ పూజనాడు గురవమ్మ దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మల్లెపూల దండ వేసింది. కోడలికి కూడా అంత ముచ్చట చేసి ఉండదు.

దీపావళి దాటాక బండి మొండికేసింది. తాళం పదిసార్లు తిప్పితే ఒకసారి లేచేది, రానురాను అదీ లేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఈ బండి రాకడ కూడా ఆ జాబితాలో చేరింది. పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశారు. ఎయిర్ ఫిల్టరు దులిపారు. ప్లగ్గు మార్చారు. బ్యాటరీ తీగలకు పట్టిన తుప్పు గీకారు. మద్రాసు నుంచి వచ్చిన మెకానిక్ బానెట్టు ఎత్తి అంతా చూసి, సీట్లో కూర్చుని తాళం తిప్పితే మొదటిసారికే లేచింది. "బండికి ఏ రోగమూ లేదు" అనేసి పోయాడు.

కాలేజీ ట్రాక్టరు నడిపే ధర్మేంద్ర కూర్చున్నా అంతే. అతగాడు తొంభై కిలోల మనిషి, తాళం ముట్టుకుంటే చాలు, బండి బుర్రుమనేది. దాంతో మాటలు మొదలయ్యాయి. ఆడలేక మద్దెల ఓడన్నదట అని ఒకరు, ఆమె చేతివాసి మంచిది కాదని ఇంకొకరు. గురవమ్మకు అన్నం సయించలేదు. అసలే నలభై ఒక్క కిలోలు. కాలేజీలో పెట్టిన వైద్య శిబిరంలో డాక్టరమ్మ కాటా చూసి కోప్పడింది కూడా.

ధనుర్మాసంలో ఒక శుక్రవారం పొద్దున, ఆటల మాస్టారు కృష్ణస్వామి తిరునామం ఆరకముందే మైదానానికి వచ్చాడు. మర్నాడే కాలేజీల మధ్య క్రికెట్ పోటీ.

"గురవమ్మా, చెప్పడానికి నాకూ కష్టంగానే ఉండాది. మధ్యాహ్నం నుంచి బండి ధర్మేంద్ర నడుపుతాడు. నువ్వు అంచుల్లో కొడవలితో కోయి."

ఆమె బండి తాళాన్ని పిడికిట్లో బిగించింది. "మధ్యాన్నం దాకా నాదే గదా సామీ?" అంది.

"నీదే. లేస్తే నడుపు. ముందు మైదానం గీతలకు సున్నం ఆ చివరికి చేర్చాల."

ధర్మేంద్ర పాతిక కిలోల సున్నం మూట తెచ్చి, నెత్తికెత్తుకుంటుందని చూశాడు. ఆమె పంతంగా సీటెక్కి కూర్చుని, "ఒళ్లో పెట్టప్పా" అంది.

"లేస్తే గదక్కా, పొయ్యేది" అని నవ్వుతూనే పెట్టాడు.

గురవమ్మ బ్రేకు తొక్కి తాళం తిప్పింది. బండి బుర్రుమంది!

ధర్మేంద్ర నవ్వు ఆగిపోయింది. ఆమె మైదానం దాటి అవతలి చివరికి వెళ్లి మూట కిందికి జార్చింది. ఇంజను టక్కున ఆగింది. తాళం తిప్పింది. లేవలేదు. దిగి మూటను ఎత్తుకుని, మళ్లీ సీటెక్కి ఒళ్లో పెట్టుకుంది, ముప్పై ఏళ్లు గడ్డిమోపులు ఎత్తిన చేతులవి. లేచింది. జార్చింది, ఆగింది. ఎత్తుకుంది, లేచింది. ఈ చివర నుంచి చూస్తున్న కృష్ణస్వామికి, పాపం, ఆమె సున్నం మూటను పదేపదే కావిలించుకుని వదిలేస్తున్నట్టు కనిపించింది. మతి చలించిందేమోనని పరుగెత్తాడు. వెనకే ధర్మేంద్ర.

బండిచ్చిన కుర్రవాడి మాట ఆమె చెవిలో మోగుతోంది. మనిషి ఉంటేనే నడుస్తుంది.

"అంటే నేను దీనికి మనిషి లెక్కలో లేనా?" అంది పైకే. కోపం, నవ్వు, ఏడుపు మూడూ ఒక్కసారే వచ్చాయి. గబుక్కున దిగి సీటు పైకెత్తింది.

సీటు కింద ఒక స్ప్రింగు, దాని నడుమ బొత్తం. మనిషి బరువుకు సీటు దిగి ఆ బొత్తాన్ని నొక్కాలి. కానీ సీటు దిగడానికి సందు లేదు. స్ప్రింగు పక్కన ఎర్రగుడ్డలో చుట్టిన రెండు నిమ్మకాయలు, ఎండి నల్లబడి గులకరాళ్లయి ఉన్నాయి. తొంభై కిలోల మనిషి కూర్చుంటే సీటు ఎలాగో దిగుతోంది. ఆమెకు దిగడం లేదు.

కృష్ణస్వామి రొప్పుతూ వచ్చాడు. "ఏందమ్మా అవి? ఎవురు పెట్టింది?"

తెలియదంటే సరిపోయేది. ధర్మేంద్ర మీదికి తోసినా చెల్లేది. గురవమ్మ రెండూ చేయలేదు.

"నేనే సామీ. ఒకటి ఆయుధ పూజనాడు పెట్టినాను. పచ్చిగా ఉన్నెప్పుడు మెత్తగా నలిగినట్టుండాది. బండి మొండికేసినాక, దిష్టి ఎక్కువైందని అదే గుడ్డలో రెండోది పెట్టినాను."

చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతకడం అంటే ఇదే.

"ఎవురి దిష్టమ్మా నీకు?"

"అందురిదీ సామీ. నా మాదిరి మనిసి కూసోని పని సేస్తా ఉంటే సూసినోళ్లందురిదీ."

కృష్ణస్వామి నవ్వబోయి మానుకున్నాడు. ధర్మేంద్ర తల గోక్కుంటూ ఆ ఎర్రగుడ్డ విప్పి, రెండు నిమ్మకాయలనూ తీసుకెళ్లి ముందు చక్రాల కింద చెరొకటి పెట్టాడు. "ఉండాల్సిన సోటు ఈడక్కా. ఇంగ ఎక్కు" అన్నాడు.

ఆమె సీటెక్కింది. ఒళ్లో మూట లేదు. నలభై ఒక్క కిలోలతో నిటారుగా కూర్చుని, బ్రేకు తొక్కి, తాళం ఒక్కసారి తిప్పింది.

ఇంజను లేచింది. బండి కదలగానే చక్రాల కింద రెండు నిమ్మకాయలూ పటపటా పగిలాయి.

"మధ్యాన్నం బండి ఎవురిది సామీ?" అని ఆ మోతలోనే అరిచి అడిగింది.

"ఎక్కిన మనిషిది" అన్నాడు కృష్ణస్వామి.

గురవమ్మ కత్తులు దించి గడ్డి కోయడం మొదలుపెట్టింది.