నక్షాలో ఎల్లమ్మ ఇల్లు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. సర్వే గొలుసుకు అందనిది ఏదో ఉందని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. ఇప్పుడు చెప్పేదీ దయ్యం కథ కాదు, నేను చేసిన పాడుపని.

ఎనభైల్లో మిర్యాలగూడ సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా ఉండేవాణ్ణి. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. రైల్వే స్టేషన్ చుట్టూ భూములన్నీ ఒకప్పుడు ఒకే దొరవి. ఆ ఎస్టేటు భూముల పటం, ఉర్దూ రాతల పాత నక్షా, మా ఆఫీసు బీరువాలో ఉండేది. దాని మీద ట్రేసింగ్ క్లాత్ పరిచి గీతలు దించడం నా పని.

స్టేషన్ దారి పక్కన ఎర్ర సిరాతో ఒక చిన్న చదరం ఉంది. ఎర్ర చదరమంటే ఇల్లు. అది ఎల్లమ్మది. ఆమె తండ్రి దొరకు వెట్టి చేస్తూ అక్కడ గుడిసె వేసుకున్నాడు. ఎల్లమ్మ అందులోనే పుట్టి, అందులోనే ముసలిదైంది. పట్టా లేదు. ఆ చదరమొక్కటే సాక్ష్యం.

దొర మనవడు ఆ నేలను ప్లాట్లు చేయాలనుకున్నాడు. మా సర్వేయర్ సారు నా బల్ల దగ్గరకొచ్చి, "గా ఎర్రది గీకెయ్. కొలువు గావాల్నా, వద్దా?" అన్నాడు.

అప్పటికే చదరం దించేశాను. నా కాపీలో దాన్ని బ్లేడు ముక్కతో గీకి, గోటితో రుద్ది నున్నగా చేశాను. అసలు నక్షాను మాత్రం ముట్టుకోలేదు. అది ఉందిగదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నా కాపీ చూపించి గుడిసె కూలగొట్టారు. పొయ్యి మీది గంజి కూడా పారబోశారు. ఎల్లమ్మ తలుపు రెక్క నెత్తిన పెట్టుకుని స్టేషన్ గోడవారకు చేరింది. అంతకుముందు కొలతలకు పోయినప్పుడల్లా ఎండలో ఆమె చేతి నీళ్లే తాగాను. నా అంత నీచుడు ఉండడనిపించింది.

వారం రోజులు అన్నం సయించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఎల్లమ్మను వెంటబెట్టుకుని పెద్దాఫీసరు దగ్గరకు పోయి తప్పు ఒప్పుకున్నాను. బీరువా తాళం ఆయన దగ్గరే ఉండేది. పట్టపగలు, కిటికీ పక్కన, ఆయనే నక్షా విప్పాడు.

చదరం లేదు.

నక్షా అదే, మార్చి పెట్టింది కాదు. మూలన నా చేతిలోంచి జారిన నల్ల సిరా చుక్క అట్లాగే ఉంది. మిగతా ఎర్ర చదరాలూ ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాం. గీకితే కాగితం పలచబడాలి. వెలుతురుకు ఎత్తి పట్టినా ఎక్కడా పలచబడలేదు. అక్కడ సిరా ఎన్నడూ పడనట్టే ఉంది.

ఎల్లమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. నా వేలు ఉన్న చోటునే చూస్తూ అడిగింది.

"గాడ ఇల్లే లేకుంటే నేను యాడ పుట్టిన, సారూ?"

ఆఫీసరు నక్షా మడిచేశాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడే పర్మినెంటు కూడా చేశారు.

తర్వాత సూర్యాపేటలో, కోదాడలో ఎన్నో నక్షాలు దించాను. సిరా వెలిసిపోతుంది, చెదలు తింటాయి, కానీ జాడ మిగులుతుంది. ఇట్లా పోయింది మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

ఇల్లు పోయిన ఆ ఏడు వానలు పడకముందే ఎల్లమ్మ ఆ గోడవారనే చనిపోయింది. చావు రాసుకోవడానికి వచ్చినతను ఇల్లెక్కడని అడిగాడు. నేనే తీసుకుపోయి చూపించాను. అక్కడ ప్లాట్ల రాళ్లు తప్ప ఏమీ లేవు. అతను నన్ను ఒకసారి చూసి, తన కాగితంలో ఇంటి గడి ఖాళీగా వదిలేశాడు.

నా కాపీలో చెరిపింది నేను. ఆ నక్షాలో ఎవరు చెరిపారో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.