జోగయ్య మేస్త్రి సింహం

మా కోటబొమ్మాళిలో జోగయ్య మేస్త్రి కట్టిన గోడకి వంక పెట్టినవాడు లేడు. బొమ్మల సంగతే వేరు. చిలకని చేస్తే కోడి అనేవారు, నందిని చేస్తే మేక అనేవారు. అందరికన్నా గట్టిగా నవ్వేది అతనికి సున్నం అందించే పెళ్లాం దాలమ్మే. జోగయ్యకి అదే బాధ.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ఆగస్టు పండక్కి, బట్టలకొట్టు రంగనాథం బజారు మధ్య ఒక స్తంభం కట్టించాడు. ఆయనకి ప్రతి ఇటుకకీ ఒక అర్థం ఉండాలి. మూడు మెట్లు జెండాలోని మూడు రంగులట, పైన తామరపువ్వు మన మంచితనమట. దానిమీద నాలుగు దిక్కులకీ నాలుగు సింహాలు. ఒక్కటి పూర్తయ్యేసరికే సున్నం నిండుకుంది.

"మిగతా మూడూ దీని కడుపులో ఉన్నాయనుకుందాం," అన్నాడు రంగనాథం. ఆయన దగ్గర సున్నానికి లోటుగాని అర్థాలకి లోటేమిటి!

జోగయ్య ఎన్నడూ సింహాన్ని చూడలేదు. అయినా కొబ్బరిపీచు కలిపి జూలు దిద్దాడు, కోరలు పెట్టాడు. ఈ ఒక్కదాన్నయినా దాలమ్మ సింహం అంటే చాలనుకున్నాడు.

దాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూసింది.

"ఏటి మావా, ఈ కుక్కకి ఇంత జుత్తేటి?"

"సిమ్మమే అది! సరిగ్గా సూడు!"

"సూసినాను. మన పక్కింటి ఎర్రన్నోలి కుక్కే. అరవడమే తరువాయి."

ఆ పూట జోగయ్య గంజి ముట్టలేదు.

కొత్త కట్టడానికి దిష్టిబొమ్మ కట్టకుండా ఏ మేస్త్రీ వదలడు. పండగ పొద్దున్నే జోగయ్య స్తంభానికి కప్పిన తెరలోకి దూరాడు. గడ్డి ఒళ్లు, మసికుండ తల, సున్నం కళ్లు, వేలాడే ఎర్ర నాలుక ఉన్న బొమ్మని సింహం మెడకి కట్టి వచ్చాడు. అంత అందమైన సింహానికి దిష్టి తగలదూ మరి!

ఉపన్యాసానికి విజయనగరం నుంచి వచ్చిన ప్లీడరు గణపతిరావు గారు తాడు లాగారు. తెర జారింది. దిష్టిబొమ్మ ఊరందరినీ వెక్కిరిస్తూ బయటపడింది. రంగనాథానికి ముచ్చెమటలు పోశాయి. ప్లీడరు గారు మాత్రం తడుముకునే మనిషి కారు.

"ఈ నల్లని తల మన బానిసత్వం! ఈ గడ్డి కడుపు మన కరువు! ఈ నాలుక తెల్లదొరల దురాశ!"

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఎందుకో తెలీదు.

"ఇంత బరువు మోస్తున్న ఈ కుక్క, విశ్వాసం గల మన రైతు!"

మళ్లీ చప్పట్లు. జోగయ్య తలపాగా విప్పి మొహం కప్పుకున్నాడు. పాపం, నాకే జాలేసింది.

ఆడవాళ్ల మధ్యనుంచి దాలమ్మ లేచింది.

"కుక్కేటి బాబూ? కళ్లు కానరావేటి? అది సిమ్మం! నా మావ సేసిన సిమ్మం! ఇంకోపాలి కుక్కన్నావంటే సున్నం తట్ట నెత్తిమీద బోర్లించేస్తాను!"

ప్లీడరు గారు రెండడుగులు వెనక్కి వేసి పైకి చూశారు.

"సింహమేనమ్మా. ఇక్కణ్ణుంచి చూస్తే సింహమే."

రంగనాథం గబగబా జై కొట్టించాడు.

ఇంటిదారిలో జోగయ్య కాళ్లు నేల మీద ఆనలేదు. ఉండబట్టలేక అడిగాడు.

"అయితే దాలీ, నిజంగా సిమ్మం నాగే ఉన్నాదేటి?"

"కుక్కే," అంది దాలమ్మ. "అయితే ఆ మాట నేనంటాను గాని, అనడానికి ఆడెవుడు?"

ఆ పూట జోగయ్య రెండు ముంతల గంజి తాగాడు.